చౌడప్ప గ్రంథి

ధర్మవరం
3-8-1964

పెనుకొండలో ఉన్న అక్క ఆదిలక్ష్మమ్మకు తమ్ముడు చౌడప్ప దండాలు.

అందరం బాగున్నామని రాస్తే నువ్వు నమ్మవు. బాగాలేమని రాస్తే రైలెక్కి వచ్చేస్తావు. కాబట్టి రెండూ రాయకుండా మొదలుపెడుతున్నాను. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదానివి, నా జాబులో తప్పులకు ఎర్రసిరా పెట్టకుండా చదువు.

మా పెద్దోడు మగ్గాల పక్కన రేడియో పెట్టించాడు. నేతగాళ్ళు పాటకు తగ్గట్టు నేస్తున్నారు. వార్తలు వచ్చేటప్పుడు మాత్రం మగ్గాలన్నీ నిద్రపోతున్నాయి.

అసలు సంగతి ఏమంటే, రెండు నెలలుగా నేను మగ్గం గుంటలో నిలకడగా కూర్చోలేకపోతున్నాను. జానెడు బట్ట నేయకముందే లేవాలి. పోయి వచ్చి కూర్చుంటే మళ్ళీ లేవాలి. రాత్రిళ్ళూ ఇదే వరస. ఎందుకని అడగవద్దు. అది ఆడమనిషికి రాసేది కాదు. పోయిన వారం చీరలు ఇవ్వడానికి హిందూపురం పోయినప్పుడు అక్కడ కొత్తగా వచ్చిన డాక్టరు రుద్రప్పగారిని కలిశాను. చాలా పెద్ద చదువు చదివినాయన. ఆయన నా గ్రంథాన్ని చూసి, వయసుకు మించి పెద్దదయిందన్నాడు. అందులోంచి ఒక ముక్క తీసి బెంగుళూరుకు పంపించి, అక్కడి పెద్దల అభిప్రాయం వస్తేగానీ మంచిదో చెడ్డదో చెప్పలేనన్నాడు.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంటిది కూడా లేకపాయె. నాకు కొంచెం భయంగా ఉంది. నువ్వు భయపడవద్దు.

నీ తమ్ముడు
చౌడప్ప


పెనుకొండ
6-8-1964

చిరంజీవి చౌడప్పకు అక్క దీవెనలు.

కవర్లు అయిపోయాయి. నీకు వెంటనే జవాబు రాయకుండా ఉండలేక కార్డు మీదే రాస్తున్నాను.

ఒరే, నువ్వు గ్రంథం రాస్తున్నావా! మూడో తరగతిలో నీ పలక మీద అక్షరాలు చూసి పంతులు తల పట్టుకునేవాడు. అలాంటివాడివి ఒక డాక్టరు చదివి బెంగుళూరుకు పంపేటంత గ్రంథం రాశావంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మగ్గంలోంచి మాటిమాటికీ లేస్తున్నావంటే, పద్యం తట్టినప్పుడల్లా లేచిపోతున్నావన్నమాట. కానీ ఆడమనిషికి రాసేది కాదంటున్నావు. శృంగారం మరీ ఎక్కువైందా? అరవై రెండేళ్ళు వచ్చాయి, మనవరాళ్ళున్నారు, కొంచెం భక్తి కలుపు. పెద్దదయితే భయమెందుకు? రెండు భాగాలు చేయి. ఉన్న ఒక్క ప్రతినీ ఎవరి చేతికీ ఇవ్వకు. ముక్క తీయనివ్వకు, పంపితే మొత్తం పంపు. ముందు నాకు పంపితే తప్పులు దిద్దుతాను. మా హెడ్‌మిస్ట్రెస్ యశోదమ్మకు చెప్పాను, చాలా సంతోషించింది.

అక్క


ధర్మవరం
10-8-1964

అక్కా,

ఇక మీదట నాకు కార్డు రాశావంటే నేను ఊరు వదిలి రామగిరి గనుల్లో దాక్కుంటాను.

నీ కార్డు వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. పక్కన పట్టునూలు అమ్మే నారాయణ తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఊరుకుంటాడా? సాయంత్రం నేను వీధిలో వస్తుంటే, "ఏమబ్బా చౌడప్పా, శృంగారం రాస్తాండావంట! ఈడ కూచోని ఒక పద్యం ఇనిపిచ్చు" అన్నాడు. నేను లేదంటే, "సిగ్గెందుకప్పా, మీ యక్కే రాసిండాది గదా" అన్నాడు. మర్నాడు చౌడేశ్వరి గుడి వాళ్ళు వచ్చి, అమ్మవారి మీద కూడా ఒక శతకం చెప్పమన్నారు. మా కోడలు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

అది పుస్తకం కాదు. తప్పు నాదే. డాక్టరు రాసిచ్చిన చీటీ చూస్తే గ్రంథి అని ఉంది, నా చెవికి గ్రంథం అని వినబడింది. అది మగవాళ్ళకు మూత్రసంచి కింద ఉండేదట. రాసేశాను. ఇక నువ్వు ఈ జాబు చదివి పొయ్యిలో వెయ్యి.

డాక్టరు చెప్పిన మాటలు చెప్పినట్టే రాస్తున్నాను. "వయసైతే అందరికీ పెరుగుతుందప్పా. నీది ఒక పక్క చేతికి గట్టిగా తగలతా ఉండాది. క్యాన్సరు అవునో కాదో సూదితో రవంత ముక్క తీసి చూస్తేనే తెలిసేది" అన్నాడు. ఆ సూది పోయే దారి ఏదంటే, వెనక దారి. ఇంతకంటే రాయలేను.

"సూది నొప్పి పెద్దది కాదు. నాకు భయం క్రిములతో" అన్నాడాయన. పేగులో ఎప్పుడూ కోట్ల క్రిములు ఉంటాయట. అక్కడ ఉన్నంత సేపూ అవి బుద్ధిగానే ఉంటాయట. సూదితో పాటు లోపలికి పోయి రక్తంలో కలిశాయంటే ప్రాణం మీదికి వస్తుందట. అందుకని ముందు ఎనిమా ఇచ్చి కడుపు కడుగుతాడు. సూది వేసే ముందురోజే మాత్రలు మొదలుపెట్టాలి. తర్వాత కూడా చెప్పిన రోజులన్నీ వేసుకోవాలి. "చలి పుట్టినా, జ్వరం వచ్చినా, మూత్రం నిలిచిపోయినా, పూజలో ఉంటే పూజ వదిలేసి నా దగ్గరికి రావల్ల" అని మూడుసార్లు చెప్పాడు.

పదిహేడో తేదీన హిందూపురం పోతాను. మన పుష్పావతి అత్తగారింట్లోనే దిగాలి, వేరే దారి లేదు. వియ్యంకుడు తిప్పన్న మంచివాడే. కానీ బెల్లం మండీలో గొంతు పెంచి పెంచి ఆయన గుసగుస కూడా వీధి చివరికి వినబడుతుంది. అలాంటాయన ఇంట్లో కూర్చుని ఈ సంగతి ఎలా చెప్పేది? పన్ను పీకించుకోవడానికి వస్తున్నానని రాశాను.

చౌడప్ప


పెనుకొండ
13-8-1964

తమ్ముడూ,

నీ జాబు పొయ్యిలో వేయలేదు. నాలుగుసార్లు చదివాను. నేను పద్యాలూ శృంగారమూ అని వాగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. యశోదమ్మ మాత్రం నీ గ్రంథం ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది. అచ్చులో ఆలస్యమని చెప్పాను.

నీకు ఒక సంగతి చెప్పాలి. నాయన ఎలా పోయాడో నీకు తెలియదు. నీకప్పుడు ఆరేళ్ళు. జ్వరం వచ్చి పోయాడని పెద్దవాళ్ళు చెప్పారు, నువ్వు అదే నమ్మావు. నేను పన్నెండేళ్ళదాన్ని, నాకు కళ్ళున్నాయి. దొడ్లో గోడకు చెయ్యి ఆనించి గంటల తరబడి నిలబడేవాడు. ఒకరోజు ఆయన ఏడుస్తుంటే చూశాను. "ఏమైంది నాయనా" అంటే, "ఏంలేదమ్మా, కంట్లో నలక పడింది, నువ్వు పో" అన్నాడు. అమ్మకు చెప్పలేదు, వైద్యుడికి చెప్పలేదు. మూడో రోజు ఒళ్ళంతా వణికి మాట పడిపోయింది. ఆ రోజు నేను ఎవరితోనైనా చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని నువ్వు సూది వేయించుకో. ఎనిమాకు సిగ్గుపడకు, చిన్నప్పుడు నీకు ఆముదం పట్టించిందీ, తర్వాతి సంగతులు చూసిందీ నేనే. నీళ్ళు కాచి చల్లార్చి బాగా తాగు. చేతులు సబ్బుతో కడుక్కో, బూడిదతో కాదు. మాత్రలు చివరిది దాకా వేసుకో. ఒంట్లో బాగుందని మధ్యలో ఆపితే, చావగా మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి. రోజూ నాకు ఒక ముక్క రాసి పడెయ్యి.

నేను వస్తానంటే వద్దంటావు. నేనొస్తే పన్ను పీకించుకోవడానికి అక్క ఎందుకని వాళ్ళకు అనుమానం వస్తుంది, నిజమే. ఆ ఇంట్లో జాబులు ఎవరైనా విప్పుతారు కాబట్టి, అక్కడికి రాసేటప్పుడు నేను కూడా పన్ను అనే రాస్తాను. నువ్వు అర్థం చేసుకో.

అక్క


హిందూపురం
20-8-1964

అక్కా,

అయిపోయింది. బతికే ఉన్నాను.

పద్దెనిమిదో తేదీ పొద్దున మాత్రలు మొదలుపెట్టాను. గొట్టం మాత్రలు, మొత్తం ఇరవై. ఆరు గంటలకొకటి, అయిదు రోజులు. నిన్న పొద్దున ఎనిమా ఇచ్చారు. దాని గురించి నాకూ భగవంతుడికీ తెలిస్తే చాలు. తర్వాత బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళు పొట్టకు ఆనించమన్నారు. గుంట మగ్గం ముందు యాభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి, మోకాళ్ళు చెప్పినట్టు వింటాయనుకున్నాను, వినలేదు. నర్సమ్మ పట్టుకుంది. డాక్టరు, "చౌడప్పా, పట్టుచీరలో ఎన్ని పోగులుంటాయప్పా?" అని అడిగాడు. నేను లెక్క చెప్పడం మొదలుపెట్టాను. కొంగు దాకా వచ్చేసరికి, "అయిందప్పా, లెయ్" అన్నాడు. మూత్రంలో కొంచెం రక్తం పడింది. రెండు రోజులు పడుతుంది, భయం లేదన్నాడు. ఈ రోజు తేటబడింది కూడా.

ఈ ఇంట్లో నా కష్టం వేరే ఉంది. పన్ను పీకించుకున్నవాడినని వియ్యపురాలు రత్నమ్మ నాకు మూడు పూటలూ గంజి పోస్తోంది. పక్కన అందరూ వేడి వేడి రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టుకుని తింటుంటే నేను గంజి గ్లాసు పట్టుకుని కూర్చుంటున్నాను. నిన్న ఆమె, "అన్నా, నోరు తెరువు, గాయం మానిందో లేదో చూస్తా" అని దీపం తెచ్చింది. నోరు తెరవకుండా తలనొప్పి అని పడుకున్నాను.

ఇంకొక చిన్న సంగతి. తిప్పన్నకు నిజంగానే దవడ పన్ను వాచింది. ఈ పొద్దున నా దగ్గర కూర్చుని, "బావా, నీది పీకినా నీకు నొప్పే లేదే! ఆ మాత్రల మహిమేనా? నాకూ నాలుగు ఇయ్యి" అన్నాడు. ఏమని కాదంటాను? కూతురిని ఇచ్చుకున్న ఇల్లు. పైగా ఇద్దరిదీ పన్నే అయినప్పుడు ఇవ్వనంటే లోభి అనుకోడా? ఉన్నవి పన్నెండు. నాలుగు అడిగాడు, మర్యాదకు ఎనిమిది ఇచ్చాను. నాకు ఇవాళ్టికి నాలుగున్నాయి, చాలు. నాకు నొప్పీ లేదు, జ్వరమూ లేదు. క్రిములు ఈపాటికి చచ్చే ఉంటాయి.

నువ్వు నిశ్చింతగా ఉండు.

చౌడప్ప


పెనుకొండ
21-8-1964

చౌడప్పా,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

నీ పన్ను సంగతి చదివి నాకు ఒళ్ళు మండిపోతోంది. మీ వియ్యంకుడి పన్నూ నీ పన్నూ ఒకటేనా? ఆయన పన్ను నోట్లో ఉంది. నీ పన్ను నోట్లో ఉందా? నువ్వు నీ పన్ను మీద కూర్చుంటావు, ఆయన తన పన్ను మీద కూర్చోగలడా? ఆయన లవంగం పెట్టుకుంటే సరిపోతుంది. నీ పన్నుకు లవంగం ఎక్కడని పెడతావు? నీ పంటికి సూది ఏ దారిన పోయిందో ఆ దారిలో ఎన్ని కోట్ల క్రిములున్నాయో డాక్టరు నీకు చెప్పలేదా? నొప్పి లేదు కాబట్టి చచ్చాయంటావా? నువ్వు వెళ్ళి లెక్కపెట్టి వచ్చావా?

ఈ జాబు అందిన క్షణం డాక్టరు దగ్గరికి పో. మాత్రలు దానం చేశానని నిజం చెప్పి, మళ్ళీ రాయించుకో. చలి పుట్టిందా? మూత్రం మంటగా ఉందా? పన్ను పీకించుకున్నవాణ్ణి మూత్రం సంగతి అడుగుతోందేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నాయన కూడా కంట్లో నలక అన్నాడు.

అక్క


హిందూపురం
27-8-1964

అక్కా,

ఈ జాబు నా చేత్తో నేనే రాస్తున్నాను. వంకరగా ఉంటే అది వణుకు కాదు, మంచం మీద పడుకుని రాయడం వల్ల. ముందు అది తెలుసుకో. ఇక జరిగింది చెబుతాను.

ఇరవై రెండో తేదీ తెల్లవారి లేచేసరికి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఆగస్టు నెలలో చలేమిటి అనుకున్నాను. దుప్పటి కప్పుకున్నాను, దాని మీద ఇంకొకటి కప్పుకున్నాను. మంచం కూడా నాతో పాటు ఊగింది. డాక్టరు మూడుసార్లు చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు, వచ్చింది. కానీ వాళ్ళు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతామంటారు, అక్కడ పళ్ళన్నీ ఉన్నాయని బయటపడుతుంది. మధ్యాహ్నానికి తగ్గుతుందిలే అని పడుకున్నాను. ఒక్క పన్ను అబద్ధం కోసం ప్రాణం పోగొట్టుకోబోయాను అక్కా.

రత్నమ్మ వచ్చి ఒళ్ళు ముట్టుకుని, "ఆ పన్ను గాయం చీము పట్టిండాది" అని, ఉప్పు వేయించి మూట కట్టి దవడకు కాపడం పెట్టింది. గడ్డం కింద నుంచి నెత్తి దాకా గుడ్డ బిగించి ముడి వేసింది. నాకు నోరు పెగలడానికి కూడా లేదు. పుష్పావతి పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతోంది.

అప్పుడు నీ జాబు వచ్చింది. చేతులు వణుకుతున్నాయి, పట్టుకోలేకపోయాను. తిప్పన్న, "మీ యక్క రాసిండాది బావా, నేను చదువుతా ఇను" అని మండీ గొంతుతో మొదలుపెట్టాడు. తన పన్ను నోట్లో ఉందన్న మాట దాకా బాగానే చదివాడు. "నువ్వు నీ పన్ను మీద కూర్చుంటావు" అనే చోట ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. కాగితం తిప్పి చూశాడు.

"పన్ను మీద కూచునేదేంది?" అంది రత్నమ్మ.

"యక్కకు వయసైంది గదా, ఏమో రాసిండాది" అన్నాడాయన. తర్వాత సూది ఏ దారిన పోయిందో అనే చోటికి వచ్చేసరికి ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. మూత్రం మాట చదివి నా వైపు చూశాడు.

చివరి ముక్క చదివాడు, నాయన కంట్లో నలక అన్నాడని. వాళ్ళకు అది అర్థం కాలేదు. నాకు అయింది. నాకు ఏడుపు వచ్చింది. పుష్పావతి ముఖం దగ్గరికి వచ్చి, "నాయనా, నిజం చెప్పు. నీకు యాడ నొస్తాంది?" అంది.

"ముందు ఈ గుడ్డ ఇప్పుండమ్మా. ఈ కాపడం పెట్టాల్సింది ఈడ కాదు" అన్నాను.

చెప్పేశాను. కూతురి ముందు, వియ్యపురాలి ముందు, అంతా చెప్పేశాను. ఎవరూ నవ్వలేదక్కా. రత్నమ్మ ఒక్క మాటే అంది: "అయ్యో, మూడు దినాలు గంజి తాపితి గదన్నా." తిప్పన్న అప్పటికే వీధిలోకి ఉరికి జట్కాను పిలుస్తున్నాడు. ఆ పిలుపుకు రెండు జట్కాలు వచ్చాయి.

డాక్టరు నన్ను చూసిన వెంటనే, "చలి ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. తెల్లవారి అన్నాను. "ఇప్పుడు రెండు గంటలు. పొద్దున్నుంచి ఏమి చేస్తాండావు?" అన్నాడు. పన్ను అని చెప్పినా స్వామీ అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. రక్తం తీసి పరీక్షకు పంపాడు, సూదిమందులు వేశాడు, చేతికి గాజుబుడ్డి నీళ్ళు ఎక్కించాడు. రెండు రోజులు నాకు తెలివి ఉండీ లేనట్టుంది. మూడో రోజు జ్వరం దిగింది. ఇవాళ లేచి కూర్చున్నాను.

మాత్రలు పూర్తిగా వేసుకుని ఉంటే ఇది వచ్చేది కాదా అని అడిగాను. "చాలావరకు రాదు. అన్నీ వేసుకున్నా ఎవరికో ఒకరికి వస్తుంది. దానికేమి భయం లే, గంటలో వస్తే నేనుండాను. దాచిపెట్టుకుంటే నేనేమి చేసేది?" అన్నాడు. సాయంత్రం దాకా ఆగి ఉంటే చేతికి దక్కేవాణ్ణి కాదని పుష్పావతితో అన్నాడట. నాతో అనలేదు.

తిప్పన్న నా మంచం పక్కన నుంచి కదలడం లేదు. "నీ ప్రాణం నేను మింగితిని బావా, పంటి కోసరం" అని ఏడుస్తున్నాడు. ఆయన ఏడిస్తే పక్క గదిలో రోగులు లేచి కూర్చుంటున్నారు. ఆయన పన్నుకు వాపు తగ్గలేదు. అసలు డాక్టరు అది చూసి ఆ మాత్రలు పనికిరావు, పన్ను పీకించుకోమన్నాడు.

బెంగుళూరు నుంచి జవాబు ఇంకా రాలేదు.

చౌడప్ప


పెనుకొండ
29-8-1964

నాయనా చౌడప్పా,

నీ జాబు గడప మీదే నిలబడి చదివాను. నిన్ను తిట్టడానికి కాగితం తీశాను. కానీ పన్ను అని రాస్తానన్నది నేనే కదా. నువ్వు ఒక అబద్ధం ఆడితే దానికి నేను ఇంకొక తొడుగు వేశాను.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు ఆరోగ్యశాస్త్రం చెప్పాను. గోళ్ళు, పళ్ళు, దోమలు, బావినీళ్ళు, అన్నీ పిల్లల చేత వల్లె వేయించాను. ఆ పుస్తకంలో మూత్రాశయం గురించి ఒక పుట ఉండేది. ఆ పుట వచ్చిన రోజు, "ఇవాళ ఎండ తక్కువగా ఉంది, వెళ్ళి ఆడుకోండి" అని పిల్లలను వదిలేసేదాన్ని. ముప్పై ఏళ్ళూ వదిలేశాను. నాయన పోయిన తీరు కళ్ళారా చూసినదాన్నే ఆ పుట తిప్పేశాను. ఇంత పిరికిదాన్ని, నిన్ను ఏమని తిట్టను?

యశోదమ్మకు కూడా నిజం చెప్పేశాను. అది గ్రంథం కాదు, గ్రంథి అన్నాను. ఆమె తలుపు దగ్గరికి వేసి, "మా ఆయన కూడా లేస్తుంటాడు" అంది.

రత్నమ్మకు నా నమస్కారాలు చెప్పు. బెంగుళూరు జవాబు వచ్చిన రోజే నాకు తంతి ఇవ్వు. మంచిదయినా, కాకపోయినా. పన్ను అని ఇవ్వకు.

అక్క


హిందూపురం
20-9-1964

అక్కకు చౌడప్ప దండాలు.

"క్యాన్సరు కాదు" అని ఇచ్చిన తంతి నీకు అందిందని నువ్వు పుష్పావతికి రాసిన జాబులో చూశాను. నువ్వు ఆ తంతి కాగితాన్ని దేవుడి పటం దగ్గర పెట్టావటగా. ఉట్టి వయసు వాపేనట. ఇప్పటికి మందుతో చూద్దాం, ముందు ముందు ఆపరేషను కావలసి రావచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట అంటుంటే నేను ఏ మాత్రలు, ఎన్ని రోజులు, ఎనిమా ఎన్నిసార్లు అని అడిగాను. "నువ్వు నా కాంపౌండరుగా చేరప్పా" అన్నాడు.

ధర్మవరం పోయినవాడు మళ్ళీ హిందూపురంలో ఏం చేస్తున్నాడని నువ్వు అడుగుతావు. చెబుతాను.

జవాబు వచ్చిన రోజు తిప్పన్నా నేనూ డాక్టరు దగ్గర నుంచి నడిచి వస్తున్నాం. మార్కెట్టు దాటాక ఆయన ఆగిపోయాడు. చుట్టూ చూశాడు. తర్వాత ఆయన జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మూడోసారికి వినబడింది. "నాకూ రెండేండ్లుగా ఇదే బావా. ధార రాదు. నిలబడి నిలబడి కాళ్ళు పీకతాయి." నాకు జ్వరం వచ్చిన రోజు నుంచి చెప్పాలనుకున్నాడట, నోరు రాలేదట.

ఇంటికి తీసుకుపోయి రత్నమ్మను పిలిచి నేనే చెప్పాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా, "రాత్రికి ఐదు తూర్లు లేచే మనిషి పక్కన పండుకునేదాన్ని, నాకు తెలీదా అన్నా? చెప్తాడేమోనని రెండేండ్లు కాసుకోనుండా" అంది. తిప్పన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆయనకూ ఒక పక్క గట్టిగా తగిలిందట. సూది వేయాలన్నాడు డాక్టరు. నాకు జబ్బు చేసిన తీరు చూసిన మనిషి, వద్దని పారిపోయాడు. రెండు రోజులు మండీ వదిలి ఇంటికి రాలేదు. నేను ధర్మవరం నుంచి వచ్చి మండీలో బెల్లం బుట్టల మధ్య కూర్చుని, "నాకు వచ్చింది సూదితో కాదు బావా, నా తెలివితో. నువ్వు వచ్చేదాకా నేను ఈడే ముద్ద తింటా" అన్నాను. వచ్చాడు.

అందుకే ఇక్కడున్నాను. మొన్న సూది అయింది. మాత్రలు నా దగ్గరే పెట్టుకుని, గడియారం చూసి నేనే ఇస్తున్నాను. రాత్రి పన్నెండుకు లేపితే తిడుతున్నాడు. తిట్టనీ. జ్వరం రాలేదు, మూత్రం తేటగా ఉంది. బెంగుళూరు జవాబు రావాలి. ఆయనకు భయంగా ఉంది, నాకూ ఉంది. ఆ సంగతి ఇద్దరం చెప్పుకుంటున్నాం.

ఇవాళ పొద్దున చూపించడానికి తీసుకుపోయాను. ఆయన లోపలికి పోయాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ బల్ల చాలా పొడుగు. అటు చివర నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. అందరూ నా వయసువాళ్ళే. ఏమప్పా ఏమైందని పలకరించాను. ఒకాయన మోకాలి నొప్పి అన్నాడు. ఒకాయన తలనొప్పి అన్నాడు. మూడో ఆయన ఊరికే వచ్చినా అన్నాడు. నాలుగో ఆయన ఏమీ అనలేదు, లేచి దొడ్డివైపు పోయి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి మోకాలి నొప్పి ఆయన పోయి వచ్చాడు. తర్వాత తలనొప్పి ఆయన.

అక్కా, నేను గొంతు తగ్గించలేదు. "నాకు మూత్రసంచి కింద గ్రంథి వాచింది. సూది ఏసినారు" అన్నాను. ఒకాయన కండువా సర్దుకున్నాడు. నేను ఆపలేదు. ఎనిమా చెప్పాను, సూది దారి చెప్పాను, క్రిములు చెప్పాను. ముందురోజు నుంచి మాత్రలు వేసుకోవడం, చలి పుడితే పరుగెత్తి రావడం, ఏమీ వదలకుండా చెప్పాను. నేను పాఠం చెప్పడం నువ్వు చూడలేదు.

ముందు మోకాలి నొప్పి ఆయన బల్ల మీద ఒక జానెడు నా వైపు జరిగాడు. "ఆ సూది శానా నొస్తుందా?" అన్నాడు. తలనొప్పి ఆయన కూడా జరిగాడు. ఊరికే వచ్చినాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జరిగాడు. చివరికి ఏమీ అనని ఆయన అందరినీ దాటుకుని వచ్చి నా ఇంకో పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బల్ల అటు చివర అంతా ఖాళీ అయిపోయి పైకి లేచింది. అప్పుడే డాక్టరు తలుపు తీశాడు. ఐదుగురు ముసలివాళ్ళం ఒకరి మీద ఒకరు పడేటట్టు ఒక మూల కూర్చున్నది చూసి, "ఇదేందప్పా, బస్సా?" అన్నాడు.

నీ తమ్ముడు
చౌడప్ప